పన్నెండు వోల్టుల తీగ

అరటి గెలల వ్యాపారం చేసే గ్వామక తల్లి లారీ ఆ ఏడాది మూడోసారి తాడు కట్టించుకుని అసుకిలె షెడ్డు ముందుకి వచ్చింది. ముందు ట్రాక్టరు, వెనక లారీ, లారీలో స్టీరింగు పట్టుకుని డ్రైవరు లుసెకెలో. మలుపులో ట్రాక్టరు చప్పుడు వినగానే అసుకిలెకి సంగతి తెలిసిపోయింది. చేతిలో సగం తిన్న చపాతీని కాగితంలో చుట్టి పనిముట్ల పెట్టె మీద పెట్టేశాడు.

"మళ్ళీనా?" అన్నాడు, పలకరింపు కూడా లేకుండా. టాంజానియా కొండల్లోని ఆ తుకుయు ఊళ్ళో ఎదుటి మనిషి నిద్ర, పిల్లలు, ఆవులు, అరటితోట అన్నీ అడిగాకే పని మాట ఎత్తుతారు. అదే మానేశాడంటే ఎంత చిరాకులో ఉన్నాడో చూడండి.

"మళ్ళీనే మేస్త్రీ," అన్నాడు లుసెకెలో కిందికి దిగుతూ. "దార్ పోయే దారిలో మకంబాకోలో టీ తాగుదామని ఆపాను. అరగంట కూడా లేదు. ఎక్కి తాళం తిప్పితే టిక్కుమని ఊరుకుంది. చార్జింగు పెట్టిద్దామంటే ఆ ఊళ్ళో రెండ్రోజులు కరెంటు లేదు. అరటికాయల లోడంతా నా కళ్ళముందే పండిపోయింది. ఎలాగో తిరిగొచ్చానా, ఇవాళ ఇంటి దగ్గర మళ్ళీ అదే టిక్కు."

"ఆ అరగంటా పాట పెట్టుకుని కూర్చున్నావు."

"కట్టేసే దిగాను. నువ్వు చెప్పినట్టే."

"మరి బ్యాటరీ తనంతట తనే తాగేసిందా కరెంటుని?"

లుసెకెలో వంగి తాడు ముడి విప్పసాగాడు. ఇదే ప్రశ్న మార్చిలో ఒకసారి, జూన్ మొదట్లో ఒకసారి విన్నాడు. సన్నగా వాన పడుతోంది. ఆగస్టు అక్కడ చలికాలం, ఆ చలిలో తుకుయు వాన ఆగదు, గట్టిగా పడదు, మనిషి ఓపికని మాత్రం తినేస్తుంది.

తుకుయు స్టాండులో బండి కరెంటు పని అంటే అసుకిలె పేరే చెబుతారు. యాభై రెండేళ్ళ మనిషి, పొట్టి, ఎప్పుడూ తలమీద నూనె మరకల టోపీ, నోట్లో ఎప్పుడూ ఎవరో ఒకరి మీద విసుగు. దగ్గరి పట్నం మ్బేయాలో మ్వాలుకసా అనే ముసలి మేస్త్రీ దగ్గర ఏడేళ్ళు పని నేర్చుకున్నాడు. ఆ ముసలాయన ఏ పనీ ఎందుకో చెప్పేవాడు కాదు. ఇలా చెయ్యి అనేవాడు, చెయ్యకపోతే చేతిలో ఏది ఉంటే అది విసిరేవాడు. అసుకిలె నుదుటి మీద మచ్చ ఒకటి ఉంది, అది స్పానరుది. ఆ ఏడేళ్ళ తర్వాత సొంత ఊరికి వచ్చి, నాలుగు రేకులు నిలబెట్టి, ముప్ఫై ఏళ్ళుగా అక్కడే ఉన్నాడు. తీగలకి నల్లటేపు చుట్టాడంటే వేళ్ళు పెట్టి కొలిచినట్టు ఉంటుంది. తన చేతి తీగ కాలి ఏ బండీ తగలబడలేదని రోజుకి రెండుసార్లయినా అంటాడు. అడిగినవాళ్ళకీ అంటాడు, అడగనివాళ్ళకీ అంటాడు.

గ్వామక తల్లి లారీ మొదట్నుంచీ ఆయన చేతిదే. అరటి గెలలు వేసుకుని దార్ ఎస్ సలాం పోతుంది, ఖాళీగా వస్తుంది. పన్నెండేళ్ళుగా దాన్ని నడిపేది లుసెకెలో ఒక్కడే. ఆ లారీతోపాటు వచ్చిన రేడియో ఎప్పుడో మూగబోయింది. కిందటి నవంబరులో అతను దార్ బజారులో సొంత డబ్బుతో ఒక స్టీరియో కొనుక్కొచ్చాడు. మొరావియన్ చర్చి పాటల బృందంలో అతను మంద్రస్వరం పాడతాడు, ఆ పాటలు వింటూ, తన వరస తను కలుపుకుంటూ పోతే రెప్ప వాలదని అతని మాట.

చిక్కల్లా ఒక్కటే. పాత లారీలో రెండు బ్యాటరీలు ఒకదానికొకటి కలిపి ఉంటాయి, మొత్తం ఇరవై నాలుగు వోల్టులు. స్టీరియో కారు కోసం చేసింది, దానికి పన్నెండే కావాలి. ఇరవై నాలుగు ఇస్తే పాటకి బదులు పొగ వస్తుంది. ఇరవై నాలుగుని పన్నెండుకి దించే చిన్న డబ్బా ఒకటి మ్బేయా కొట్లలో అమ్ముతారు. అది లేకుండా కూడా పని అవుతుంది. రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచి మాత్రం తీగ లాగితే పన్నెండే వస్తుంది. జాంబియా సరిహద్దు నుంచి దార్ దాకా ఆ రోడ్డు మీద మేస్త్రీలందరూ చేసే పని అదే.

"డబ్బా పెట్టిద్దామా అసుకిలె అన్నా?" అని అడిగింది గ్వామక తల్లి, స్టీరియో బిగించిన రోజు.

"అది దండగమ్మా. నా తీగ ఉండగా డబ్బా ఎందుకు?" అన్నాడు. లుసెకెలో వైపు తిరిగి వేలు చూపిస్తూ, "ఇంజను ఆడుతున్నంతసేపే పాట. ఇంజను ఆపావా, పాట ఆపు. అంతే," అన్నాడు.

మార్చిలో బ్యాటరీ మొదటిసారి చచ్చినప్పుడు అసుకిలె తీగలన్నీ చూసి, బాగానే ఉన్నాయని తేల్చి, ఆమెతో ఇలా అన్నాడు. "తీగ శుభ్రంగా ఉందమ్మా. బండి ఆపాక ఎవరో పాటలు పెట్టుకుని పడుకుంటున్నారు." లారీలో ఉండేది ఒక్కడే అయినప్పుడు ఎవరో అనడం దేనికి? ఆమె కొత్త బ్యాటరీ కొంది. జూన్‌లో అదీ చచ్చింది. అప్పుడు అసుకిలె ఎవరో అనలేదు, లుసెకెలో పేరే చెప్పాడు.

ఇప్పుడు మూడోది. ఆ సోమవారం పొద్దున్న అసుకిలె లారీ కిందా పైనా పడి వెతికాడు. ఫ్యూజు చూశాడు, బాగుంది. ఎర్తు బోల్టు విప్పి, గీకి, మళ్ళీ బిగించాడు. ఎక్కడైనా తీగ ఒరుసుకుని కరెంటు కారిపోతోందేమోనని తను చుట్టిన టేపు తనే మూరలకొద్దీ విప్పాడు. ఒక్క గాటు లేదు. తన బ్యాటరీలు అరువిచ్చి ఇంజను లేపి డైనమో దగ్గర మీటరు పెట్టాడు. ఇరవై ఎనిమిది. ఉండాల్సింది అంతే. డాష్‌బోర్డు వెనక చెయ్యి పెట్టి తీస్తుంటే రేకు కోసుకుని మణికట్టు దగ్గర తోలు లేచింది. స్పానరు జారి ఎక్కడో ఇరుక్కుంది, తీయడానికి అరగంట పట్టింది. అందరి మీదా కోపం వచ్చింది ఆయనకి, ఆ స్టీరియో చేసినవాడి మీద కూడా.

"పన్నెండేళ్ళలో నీకు ఒక్క అబద్ధం చెప్పానా మేస్త్రీ?" అన్నాడు లుసెకెలో, దీపం పట్టుకుని పక్కన నిలబడి.

"నువ్వు చెప్పవు. తీగా చెప్పదు. మరి ఎవరు చెబుతున్నట్టు అబద్ధం?"

"ఏమో. నేను దీపం పట్టుకునేవాణ్ణి. నువ్వు చూసేవాడివి."

మధ్యాహ్నం గ్వామక తల్లి గొడుగేసుకుని వచ్చింది. భారీ మనిషి, మాట మెల్లగా ఉంటుంది, ఆ మెల్లదనానికే అందరూ భయపడతారు. ఆమె లుసెకెలో వైపు చూడనేలేదు.

"లోడంతా పచ్చడైపోయింది. దార్‌లో కొనేవాడు ముఖం మీదే నవ్వాడట," అంది. "నాకు పాడు వివరాలొద్దు అన్నా. ఒక్క మాట చెప్పు. నీ తీగలో తప్పుందా, లేదా?"

అసుకిలె చేతులు తుడుచుకున్నాడు. పొద్దున్నంతా వెతికాడు, ఏమీ దొరకలేదు. దొరకనిదాన్ని ఉందనడం ఎలాగ?

"నా తీగలో తప్పులేదమ్మా."

"అయితే గురువారం నుంచి బండి తాళం మా మరిదికిస్తాను. లుసెకెలో, వినపడిందా? నీ సామాను తీసుకో."

లుసెకెలో దీపం ఆర్పి, జాగ్రత్తగా పెట్టెలో పెట్టి, వానలో నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. అతనికి నలభై ఆరేళ్ళు. పాటలు పెట్టుకుని పడుకునే డ్రైవరని పేరు పడ్డాక ఆ స్టాండులో మరో బండి ఎవరిస్తారు? అసుకిలెకి అది తెలుసు. తెలిసి కూడా తప్పు ఎక్కడుందో చెప్పలేకపోయాడు, అందుకే మరీ మండిపోయింది.

ఆ రాత్రికి స్టీరియో పీకలేదు, తీగ తీయలేదు. బ్యాటరీలు నిండా చార్జి చేసి అలాగే లారీలో వదిలేశాడు. మంగళవారం పొద్దున్న తాళం తిప్పితే ఇంజను ఒక్క తిప్పుకే లేచింది. అంటే ఆగి ఉన్న బండిలో కరెంటు ఎక్కడికీ కారిపోవడం లేదు. తను అన్నదే నిజమని సంతోషించాల్సింది. సంతోషం రాలేదు. అదేంటో అర్థంకాక ఎదురుగా ఉన్న టీ బడ్డీలోకి పోయి కూర్చున్నాడు.

అక్కడ బుకుకు అనే ముసలి డ్రైవరు రోజూ ఉంటాడు. చూపు మందగించి బండి మానేసినా స్టాండు మానలేదు.

"ఏంటి అసుకిలె, ఆ లారీని పెళ్ళాడావా ఏంటి, రెండ్రోజుల్నుంచి దాని పక్కనించి లేవట్లేదు?" అన్నాడు.

"పెళ్ళే నయం, కాపురం చెయ్యనంటే పుట్టింటికి పంపించొచ్చు," అని అసుకిలె మొత్తం కథ చెప్పాడు. చెబుతుంటే బుకుకు మధ్యలో ఆపాడు.

"ప్రతిసారీ ఒకటే బ్యాటరీ చస్తోందా?"

"ఒకటే. లోపలివైపుది."

"తీగ దాని మీదనుంచేనా లాగావు? మరి డ్రైవరు వాటిని తిప్పి పెడుతున్నాడా లేదా?"

"తిప్పడమేంటి?"

"నీ గురువు మ్వాలుకసా మా చేత తిప్పించేవాడుగా. రేడియో పెట్టించుకున్న ప్రతి డ్రైవరూ రెండు వారాలకో ఆదివారం బ్యాటరీలు విప్పి, ఇటుది అటు, అటుది ఇటు మార్చాలి. చర్చికెళ్ళే ముందు చెయ్యమనేవాడు ముండాకొడుకు. యాసిడ్ పడి నా మంచి ప్యాంటు చిల్లులు పడితే మా ఆవిడ వారం రోజులు తిట్టింది. నువ్వు అక్కడే ఉన్నావుగా."

అసుకిలె అక్కడే ఉన్నాడు. ఆ ఆదివారాలన్నీ ఇప్పుడు గుర్తొచ్చాయి. ముసలాడి చాదస్తం అని తోటివాళ్ళతో కలిసి నవ్వుకున్నది కూడా గుర్తొచ్చింది. సొంతంగా షెడ్డు పెట్టుకున్నాక తీగ లాగే పద్ధతి ఉంచుకున్నాడు, తిప్పి పెట్టమనడం వదిలేశాడు. టీ గ్లాసు అక్కడే పెట్టి, లేచి, వానలోనే లారీ దగ్గరికి పోయాడు.

ఇంజను నడిపాడు. స్టీరియో పెట్టి గంటసేపు అలా ఆడనిచ్చాడు. లుసెకెలో బృందం పాట ఒకటి వస్తోంది, దాన్ని వినే స్థితిలో లేడు. మీటరు తీసి ఎప్పటిలాగే రెండు బ్యాటరీలకీ కలిపి పెట్టాడు. ఇరవై ఎనిమిది. ముప్ఫై ఏళ్ళుగా అక్కడితో ఆపేసేవాడు. ఈసారి ఒక్కొక్కదానికి విడిగా పెట్టాడు. లోపలివైపుది పన్నెండున్నర కూడా లేదు. బయటివైపుది పదిహేనున్నర దాటింది. ఒకటి ఆకలితో మాడుతోంది, ఇంకొకటి కడుపు ఉబ్బి ఉడికిపోతోంది, రెండూ కలిపితే మాత్రం లెక్క చక్కగా సరిపోతోంది. బయటిదాని మూతలు విప్పి చూస్తే నీళ్ళు ఇంకిపోయి పలకలు ఎండిపోయి ఉన్నాయి. లోపలినుంచి కుళ్ళిన గుడ్డు వాసన కొట్టింది. ఆ వాసన మార్చిలోనే తగిలింది, పక్కనున్న మురుగు కాలవదనుకున్నాడు.

తడి నేలమీదే కూర్చుండిపోయాడు. డైనమో రెండిటికీ సమానంగా పోస్తుంది. స్టీరియో ఒకదాన్నుంచే తీస్తుంది. అంటే ఇంజను ఆడుతుండగా పాట పెట్టుకున్నా ఒక బ్యాటరీ చస్తుంది, ఇంకోటి ఉడుకుతుంది. తిప్పి పెడుతుంటే ఆ భారం రెండిటికీ వంతులవారీగా పడేది. ఇంజను ఆడుతున్నప్పుడే పెట్టమని చెప్పింది తనే. లుసెకెలో దార్ దాకా పదిహేను గంటలు, ఇటు పదిహేను గంటలు, ఆ మాట తప్పకుండా పెట్టుకున్నాడు.

"ఎందుకు తిప్పాలో ఒక్క ముక్క చెప్పి చావొచ్చుగా," అని చచ్చిపోయిన గురువుని తిట్టాడు. తిట్టాక సిగ్గేసింది. ఆయన చెప్పలేదు సరే, తను అడిగాడా? ఈ ముప్ఫై ఏళ్ళలో ఎన్ని లారీలకి ఇదే తీగ లాగాడు, ఎంతమంది డ్రైవర్లని పట్టుకుని పాట పెట్టుకుని పడుకున్నావని అన్నాడు, ఆ లెక్క ఆయనకే తెలియదు. ఒళ్ళు మండిపోయింది, ఎవరి మీద చూపించాలో తెలియలేదు.

ఊరుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. మ్బేయా నుంచి ఆ డబ్బా తెప్పించి, చప్పుడు చెయ్యకుండా డాష్‌బోర్డు వెనక బిగించి, కొత్త డ్రైవరుకి బండి అప్పగిస్తే ఇక బ్యాటరీలు చావవు. చూశారా, లుసెకెలో పోయాక బండి బాగుపడింది అని బజారంతా అంటుంది. అసుకిలెకి ఆ ఆలోచన వచ్చింది. రాలేదని అబద్ధం చెప్పడం ఎందుకు? మధ్యాహ్నం దాకా అది ఆయన్ని వదలలేదు. ఆ తర్వాత మీటరు జేబులో పెట్టుకుని అరటి బజారుకి నడిచాడు.

గ్వామక తల్లి గెలల గుట్ట పక్కన నిలబడి లోడు పంచుతోంది. చుట్టూ పదిమంది ఆడవాళ్ళు, ఆమె మరిది కూడా ఉన్నాడు. అసుకిలె ఆమెని పక్కకి పిలవలేదు. పిలిస్తే నోరు పెగలదని భయపడి అందరిలోనే చెప్పేశాడు.

"తప్పు నా తీగదేనమ్మా. లుసెకెలో పాట కట్టేసే దిగాడు. మార్చిలోనూ, జూన్‌లోనూ, మొన్నా కూడా. నేను చూడాల్సినట్టు చూడలేదు."

ఆమె చేతిలో ఉన్న గెల కిందపెట్టింది. "రెండు బ్యాటరీలు, ఒక లోడు కాయలు, పన్నెండేళ్ళుగా నమ్ముకున్న మనిషి," అంది మెల్లగా. "అన్నీ నీ ఒక్క మాట మీద పోగొట్టుకున్నానన్నమాట."

"అవును."

"డబ్బా పెట్టిద్దామా అని నేను అడిగాను."

"అడిగావు."

మరిది ఏదో అనబోయాడు. ఆమె చెయ్యెత్తింది. "తాళం లుసెకెలో దగ్గరే ఉంటుంది. ఆ సంగతి నేను చెప్పను. నువ్వే పోయి చెప్పు," అని గెలల వైపు తిరిగింది.

షెడ్డుకి తిరిగొచ్చేసరికి లుసెకెలో లారీ క్యాబిన్‌లో తన సామాను తీసుకుంటున్నాడు. గళ్ళ దుప్పటి, రేకు గ్లాసు, పాటల పుస్తకం సీటు మీద పేర్చి ఉన్నాయి. అసుకిలె కింద నిలబడి, తల ఎత్తి, అంతా చెప్పాడు. లుసెకెలో చివరిదాకా విన్నాడు. ముఖంలో ఏమీ మారలేదు.

"అయితే తాళం నాదే."

"నీదే. రేపే డబ్బా తెప్పిస్తాను. నీ దగ్గర పైసా తీసుకోను."

"మంచిది," అని దుప్పటి మడత విప్పి మళ్ళీ మడతపెట్టాడు. "మేస్త్రీ, మా ఇంటి సంగతి తెలుసా నీకు?"

"ఏం సంగతి?"

"నువ్వు గ్వామక తల్లికి చెప్పావు. ఆవిడ బజారుకి చెప్పింది. బజారు మా ఆవిడ రహేలికి చెప్పింది. బండి ఆపి పాటలు పెట్టుకుని పడుకుంటాడట అని. ఒంటరి మగాడు పాట ఎవరి కోసం పెడతాడు అని అడిగింది నన్ను. మకంబాకోలో ఎవరు అని అడిగింది. నేను చర్చిలో నిలబడి ఒట్టేశాను. కరెంటు సంగతి మేస్త్రీ కంటే నీకు ఎక్కువ తెలుసా అంది. మార్చి నుంచి నా అన్నం వాకిట్లో పెట్టి లోపలికి పోతుంది."

 అసుకిలె మణికట్టు మీద కోసుకున్న చోట టేపు చుట్టుకుని ఉన్నాడు, దాన్నే తడుముతూ నిలబడ్డాడు.

"డబ్బా తర్వాత పెడుదువుగాని," అన్నాడు లుసెకెలో. "ముందు మా ఇంటికి రా."

ఇద్దరూ తోటల మధ్య మిట్ట దారి ఎక్కారు. రహేలి వాకిట్లో పీట వేసుకుని పచ్చి అరటికాయల తొక్క తీస్తోంది. మేస్త్రీని చూసి లేవబోయింది, మొగుడిని చూసి మళ్ళీ కూర్చుంది. లుసెకెలో కంచె దగ్గరే ఆగిపోయాడు.

అసుకిలె నిలబడే మొదలుపెట్టాడు. తీగ, వోల్టులు అని రెండు మాటలు చెప్పేసరికి ఆమెకి అందడం లేదని తెలిసింది. ఆపి, మళ్ళీ ఎత్తుకున్నాడు. "నీకు ఇద్దరు పిల్లలున్నారనుకో అమ్మా. ఇద్దరికీ సమానంగానే వడ్డిస్తావు. కానీ ఒకడి పళ్ళెంలోంచి మాత్రం రోజూ ఎవరో ఇంత తీసుకుపోతున్నారు. వాడు చిక్కిపోతాడు కదా. రెండోవాడికి అరగనంత పడుతుంది, వాడూ జబ్బు పడతాడు. ఆ తీసుకుపోయే దారి పెట్టింది నేను."

ఆమె కత్తి ఆగలేదు. "అంటే ఆయన పాట కట్టేసే దిగేవాడా?"

"కట్టేసే దిగేవాడు."

"మార్చిలో కూడానా?"

"మార్చిలో కూడా."

"మరి మార్చిలో అలా ఎందుకు చెప్పావు?"

చెప్పడానికి చాలా ఉన్నాయి, గురువు సంగతి, రోడ్డు మీద మేస్త్రీలందరి సంగతి. అసుకిలె అవేవీ ఎత్తలేదు.

"సరిగ్గా చూడకుండా చెప్పానమ్మా."

రహేలి కత్తి కిందపెట్టింది. తొక్కల మరక అంటిన చేతులు బట్టకి తుడుచుకుని లేచి, పక్కింటి కంచె దాకా వెళ్ళి ఇద్దరు ఆడవాళ్ళని పేరుపెట్టి పిలిచింది. ఎదురింటివాళ్ళనీ పిలిచింది. లోపల చలికి ముసుగుతన్ని పడుకున్న అత్తని చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చి తన పీట మీద కూర్చోబెట్టింది.

"మేస్త్రీ," అంది, "వీళ్ళందరూ వినాలి. మొదట్నుంచి చెప్పు."

అసుకిలె టోపీ తీసి చేతిలో పట్టుకుని, రెండు బ్యాటరీల దగ్గర్నుంచి మళ్ళీ చెప్పడం మొదలుపెట్టాడు.